ఉతకని పదకొండు చొక్కాలు

ఆ ఊళ్ళో రెండు ఫుట్‌బాల్ క్లబ్బులు. ఒకటి గట్టు మీద ఉండేవాళ్ళది, రెండోది రేవు వాళ్ళది. గట్టుది ఆకుపచ్చ చొక్కా, రేవుది పసుపు చొక్కా. మామూలు రోజుల్లో గట్టు పిల్లను రేవు పిల్లాడికి ఇస్తారు, రేవు దుకాణంలో గట్టు వాళ్ళు సరుకులు కొంటారు, అంతా సవ్యంగానే ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు, ఈ రెండు జట్లూ తలపడే ఆదివారాల్లో మాత్రం, వియ్యంకులు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోరు. అలాంటి రెండు క్లబ్బుల పెద్దలూ ఒకే సోమవారం పొద్దున, గంట తేడాలో, ఒకే మనిషి కోసం ఒకే గుమ్మం ఎక్కారంటే ఆ మనిషి ఎవరో గొప్ప కోచ్ అయి ఉండాలి కదా. గొప్ప కోచే. కాకపోతే ఆ గుమ్మం లాండ్రీది.

ఆవిడకు యాభై రెండేళ్ళు. పొట్టి మనిషి. మోచేతుల దాకా చేతులు ఎప్పుడూ నానిపోయి తెల్లగా ఉంటాయి. ఊరంతా లాండ్రీ అత్త అంటుంది. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు పట్టే కౌంటరు, దాని వెనక రెండు పాత మెషిన్లు, వాటి పక్కన సిమెంటు తొట్టి, కిటికీ కింద ఇస్త్రీ బల్ల. ఆ బల్ల దగ్గర ఆవిడ మొగుడు. చాలా నెమ్మదస్తుడు, మాట తక్కువ. గట్టు జట్టు ఓడిపోయిన రోజు అన్నం మానేసేంత అభిమాని. ఈ ఒక్క పిచ్చీ తప్ప ఆయన్ను పట్టుకుని ఒక్క మాట అనడానికి ఎవరికీ సందు దొరకదు.

పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆవిడకు ఫుట్‌బాల్ అంటే ఒళ్ళు మంట. వారానికోసారి గట్టు క్లబ్బు నుంచి మూట వచ్చి పడేది. బురద, చెమట, గడ్డి మరకలు. గడ్డి మరక వదలాలంటే గోళ్ళు అరిగిపోవాలి. ఇరవైమంది పెద్ద మగాళ్ళు ఒక తోలు బంతి కోసం ఇంతలా పొర్లాడటమేమిటని తిట్టుకుంటూ ఉతికేది. తిట్టుకుంటూనే చూసేది. మరక చూడకుండా మరక వదలగొట్టడం కుదరదు మరి. ఎక్కడ నానబెట్టాలి, ఎక్కడ బ్రష్ పెట్టాలి అని చొక్కా చొక్కాకీ చూసుకోవాలి. అలా చూడగా చూడగా, ఒక ఏడాది తిరిగేసరికి, నంబర్లు మూసేసినా ఏ చొక్కా ఎవడిదో చెప్పగలిగే స్థితికొచ్చింది. మైదానం అంచు గీతల సున్నం ఎవడి చొక్కాకి అంటుకుందో వాడు అంచున ఆడినట్టు. పక్క కుట్లు చిరిగాయంటే అవతలివాడు వాణ్ణి పట్టి లాగకపోతే ఆపలేకపోయాడన్నమాట. వీపు మీద ఉప్పు చారలు మెడ నుంచి నడుం దాకా ఉంటే వాడు నిజంగా పరుగెత్తాడు. చారలు భుజాల దగ్గరే ఆగిపోయాయంటే నిలబడి అరిచాడు, అంతే.

గట్టు జట్టు కోచ్ ఎవరో కాదు, ఆవిడ బావగారే. మొగుడి అన్న. ఒకప్పుడు బాగా ఆడినవాడు, గోడ మీద సర్టిఫికెట్ ఉంది, మెడలో విజిల్ ఉంది, గొంతు కూడా ఉంది. ఒకరోజు ఆయన వచ్చి కౌంటరు దగ్గర కూర్చుని, వరసగా మూడు మ్యాచిలు పోయాయని తమ్ముడి దగ్గర వాపోతుంటే, ఆవిడ తొట్టిలోంచి తలెత్తకుండానే అంది:

"మీ మూడో నంబరు పిల్లాడు కుడివైపు పడటం మానేశాడు బావగారూ. నాలుగు వారాలుగా ఎడమ మోచేతి మీదే గడ్డి మరక ఉంటోంది. అవతలివాళ్ళు కనిపెట్టి కుడివైపు నుంచే వస్తున్నట్టున్నారు."

బావగారు నవ్వాడు. నవ్వి వెళ్ళి, ఆ ఆదివారం మూడో నంబరు వాణ్ణి ఎడమవైపుకు మార్చాడు. గెలిచారు. ఆ తర్వాతి సోమవారం మూటతో పాటు ఆయనే స్వయంగా వచ్చాడు. "ఇంకేమైనా కనబడిందా అమ్మా?" అన్నాడు, తమ్ముడికి వినబడకుండా.

అక్కడ మొదలైంది. ఇరవై ఏళ్ళు నడిచింది. సోమవారం ఆవిడ చొక్కాలు చదవడం, మంగళవారం బావగారు అదే మాటను తన మాటగా మైదానంలో అరవడం. కొన్నాళ్ళకు ఆవిడే పొద్దున్నే ప్రాక్టీసుకు వెళ్ళి, మూలన జెండా పాతే చోట బకెట్టు బోర్లేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. ఎవడెక్కడ ఆడాలో, ఎవణ్ణి ఎప్పుడు తియ్యాలో ఆవిడే చెప్పేది. ఆటగాళ్ళకు తెలుసు. వాళ్ళు బావగారి విజిల్ వినేవారు, లాండ్రీ అత్త మొహం చూసేవారు. మూడు కప్పులొచ్చాయి. క్లబ్బు గోడ మీద మూడు ఫొటోలున్నాయి. మూడింట్లోనూ బావగారు మధ్యలో ఉన్నాడు. ఆ మూడు ఫొటోల్లోని చొక్కాలన్నీ ఆవిడ ఉతికినవే, ఆ లెక్కన ఆవిడా ఉన్నట్టే అని మొగుడు ఒకసారి సర్దిచెప్పబోయి, ఆ రోజంతా మాటల్లేని అన్నం తిన్నాడు.

కిందటి సీజను ఫైనల్ రేవు వాళ్ళతోనే. ఆ పొద్దున బావగారికి కడుపులో నొప్పి లేచి ఆసుపత్రిలో ఆపరేషన్ బల్ల ఎక్కించారు. బెంచీ మీద కూర్చోవడానికి ఇంక ఎవరూ లేరు. ఆవిడ వెళ్ళి కూర్చుంది. సగం ఆట అయ్యేసరికి గట్టు ఒక గోలు వెనకబడింది. విరామంలో ఆవిడ అందరి చేతా చొక్కాలు విప్పించి, బల్ల మీద పరిపించి, ఒక్కొక్కటీ చూసి, ఇద్దరిని అటూ ఇటూ మార్చి, ఒకణ్ణి కూర్చోబెట్టింది. మూడు ఒకటితో గెలిచారు. మైదానం మొత్తం చూసింది. మర్నాడు పేపర్లో ఏం పడిందో తెలుసా? ఆసుపత్రి మంచం మీద నుంచే జట్టును గెలిపించిన కోచ్ అని బావగారి ఫొటో పడింది. ఆయన అప్పటికి మత్తులోంచి తేరుకోనేలేదు!

ఆ పేపరు ఆవిడ రెండుసార్లు చదివింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి, ఇది నాది, నా చేతుల్లోంచి లాక్కున్నారు అనిపించింది. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, వచ్చి ఉండిపోయింది.

సరే, ఆ సోమవారానికి వద్దాం. ముందు వచ్చింది గట్టు క్లబ్బు అధ్యక్షుడు. వృత్తిరీత్యా పళ్ళ డాక్టరు. ఎదుటివాళ్ళు నోరు తెరిస్తే వాళ్ళ మాట వినడం కంటే పళ్ళు లెక్కపెట్టడం అలవాటైన మనిషి.

"ఏమ్మా, ఈ ఏడాది కూడా కప్పు మనదే. నీకోసం ఒక మంచి కబురు తెచ్చాను. క్లబ్బు తరఫున కొత్త వాషింగ్ మెషిన్ ఇస్తున్నాం. పెద్దది. ముందు తలుపున్నది!"

"సంతోషం డాక్టరుగారూ. లీగు ఫారం మీద కోచ్ అని ఎవరి పేరు రాస్తున్నారు?"

"ఎవరిదేమిటి? మీ బావగారిదే. ఆయన పేరైతేనేం, నీ పేరైతేనేం, ఒకే ఇల్లు కదమ్మా."

"ఒకే ఇల్లయితే నా పేరే రాయండి మరి."

డాక్టరు హాయిగా నవ్వాడు. ఎదురుగా ఉన్న మనిషి నవ్వడం లేదని అర్థం కావడానికి ఆయనకు కాస్త టైము పట్టింది. "నాకేం అభ్యంతరం లేదనుకో. లీగులో నవ్వుతారమ్మా. గట్టు క్లబ్బుకి లాండ్రీ ఆవిడ కోచ్ ఏమిటని నవ్వుతారు."

"మూడు ఒకటితో ఓడినప్పుడు రేవు వాళ్ళు నవ్వారా?"

డాక్టరు మెషిన్ శుక్రవారం వస్తుందని చెప్పి వెళ్ళిపోయాడు.

గంట తర్వాత రేవు క్లబ్బు కార్యదర్శి వచ్చాడు. పెట్రోలు బంకులో మేనేజరు. సన్నగా ఉంటాడు, మాటకు ముందు చేతులు నలుపుకుంటాడు. కౌంటరు దగ్గర నిలబడే మాట్లాడాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడమ్, తిప్పి చెప్పడం నాకు రాదు. ఫైనల్లో మమ్మల్ని ఓడించింది మీరే. మా వాళ్ళందరూ చూశారు. మీరు మాకు కోచ్‌గా రావాలి. ఫారం మీద మీ పేరు, క్లబ్బులో మీకో గది, గది తలుపు మీద మీ పేరు. పెయింటరుకి కూడా చెప్పేశాను."

మేడమ్ అని ఆవిణ్ణి ఇంతవరకు ఎవరూ అనలేదు. గది తలుపు మీద పేరు అన్నాక ఆశ పుట్టిన మాట నిజం. ఇస్త్రీ బల్ల దగ్గర మొగుడు పెట్టె ఎత్తడం మర్చిపోయి ఒకరి చొక్కా కాలర్ మాడ్చాడు.

"ముందు జట్టును చూడాలి" అంది ఆవిడ. "మీ ప్రాక్టీసు మ్యాచి ఎప్పుడు?"

"రేపే."

"అయితే ఎల్లుండి ఆ చొక్కాలు నాకు పంపండి. చూశాక మాటిస్తాను. శనివారం అయిదింటికి కదా ఫారాలు ఇవ్వాల్సింది, టైముంది."

బుధవారం చొక్కాలొచ్చాయి. కార్యదర్శి స్వయంగా తెచ్చాడు. కొత్త వెదురు బుట్ట, పైన తెల్లటి గుడ్డ. గుడ్డ తీసేసరికి లాండ్రీ అంతా మల్లెపూల వాసన కొట్టింది. పదకొండు పసుపు చొక్కాలు, మడత మీద మడత, గీత మీద గీత. ఒక్క మరక లేదు. సబ్బుతో పాటు సెంటు కూడా కలిపినట్టున్నారు.

ఆవిడ ఒక చొక్కా ఎత్తి చూసింది. ఇంకోటి ఎత్తింది. "ఇదేమిటి?"

"మా ఆవిడ, మా అమ్మ, ఇద్దరూ నిన్న సాయంత్రమంతా కూర్చుని ఉతికారు మేడమ్" అన్నాడు కార్యదర్శి గర్వంగా. "కోచ్ గారి దగ్గరకు మురికి చొక్కాలు పంపుతామా? మాకా మాత్రం మర్యాద తెలీదా?"

ఆవిడకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇరవై ఏళ్ళుగా తను నేర్చుకున్న చదువంతా వీళ్ళు బకెట్టు నీళ్ళలో ముంచి, పిండి, ఆరేసి, మడతపెట్టి, సెంటు కొట్టి తెచ్చారు. అదీ గౌరవం కొద్దీ! కార్యదర్శి అక్కడితో ఆగినా బాగుండేది.

"ఇంకో మాట మేడమ్. కోచ్ అయ్యాక ఈ లాండ్రీ మీకెందుకు? మూసెయ్యండి. లేదా ఎవరికైనా అప్పగించండి. క్లబ్బుకి కూడా అదే బాగుంటుంది కదా."

"ఎందుకు బాగుంటుంది?"

"అంటే... కోచ్ గారు ఒకరి బట్టలు ఉతకడం... మీకు తెలీనిదేముంది."

ఆవిడ చొక్కాలను మళ్ళీ బుట్టలో సర్ది, పైన గుడ్డ కప్పి, బుట్ట ఆయన చేతికిచ్చింది. మీ అమ్మగారూ మీ ఆవిడా చాలా బాగా ఉతికారు, మడతలు కూడా సరిగ్గా పడ్డాయి అని చెప్పి పంపేసింది. ఆ మెప్పు మనసారా ఇచ్చిందే. పనిమంతుల పని ఎక్కడ కనబడినా ఆవిడ మెచ్చుకోకుండా ఉండలేదు.

ఆయన మలుపు తిరిగాక, తడి చేతులు చీరకు తుడుచుకుంటూ మొగుడి వైపు తిరిగింది. "చూశారా? ఆ డాక్టరుకి నా పని కావాలి, నేను అక్కర్లేదు. ఈయనకి నేను కావాలి, నా పని కనబడితే సిగ్గు. రెండు ముక్కలు చేసి చెరొకటీ పంచుకుంటారట నన్ను!"

"పోనీ గట్టులోనే ఉండకూడదటే..." అన్నాడు మొగుడు.

"మీరు మాట్లాడకండి. మీరు పుట్టుకతోనే ఆకుపచ్చ."

ఆయన ఇస్త్రీ పెట్టె అందుకున్నాడు. రెండు చొక్కాలు ఇస్త్రీ చేశాక, ఉన్నట్టుండి, "నీ పేరు ఉంటే బాగానే ఉంటుంది" అన్నాడు. పసుపు జట్టు ఫారం మీద ఉన్నా సరేనా అని ఆవిడ అడగలేదు. అడిగి ఆయన ప్రాణం తియ్యడం ఎందుకు?

ఆ సాయంత్రం ఆవిడ లాండ్రీ చీటీల పుస్తకం తీసి, ఒకే మాటలు రెండు చీటీల మీద రాసింది. ఫారం మీద కోచ్ అని నా పేరు ఉండాలి. జట్టు నేనే వేస్తాను, ఎవరి అల్లుడైనా సరే, ఎవరి మేనల్లుడైనా సరే. ఆడిన చొక్కాలు ఉతక్కుండా నా దగ్గరకు రావాలి. లాండ్రీ మూయను, గదిలో కూర్చోను. ఇష్టమైతే శనివారం మూడింటికి లాండ్రీకి రండి, లేకపోతే ఇద్దరూ రావద్దు. ఒకటి పళ్ళ ఆసుపత్రికి, ఒకటి పెట్రోలు బంకుకి పంపింది. పంపాక భయం వేసింది కూడా. రెండింటికీ చెడితే? ఈ సీజనంతా మైదానం మొహం చూడకుండా కూర్చోవాల్సి వస్తే? అయినా చీటీలు వెనక్కి తెప్పించలేదు. లేకపోతే లేకపోయింది గాని, సగం మనిషిగా మాత్రం ఇంక ఒక్క ఆదివారం కూడా వెళ్ళనని తీర్మానించుకుంది.

శుక్రవారం డాక్టరు జవాబు వ్యాను మీద వచ్చింది. వాషింగ్ మెషిన్! ముందు తలుపుది, పైన రిబ్బను కట్టి ఉంది. ఇద్దరు మనుషులు దాన్ని దింపి గుమ్మం ఎక్కించబోయారు. ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఎక్కించండి."

"ఎక్కిస్తున్నామమ్మా, మీరు కాస్త జరిగితే..."

"లోపలికి కాదు. వ్యాను ఎక్కించండి. డాక్టరుగారితో చెప్పండి, మెషిన్ చాలా బాగుంది, ఈ ఏడాది ఆయన జట్టుకి అదే కోచ్ అని."

బజారు బజారంతా ముక్కున వేలేసుకుంది. గట్టు నడిబొడ్డున కూర్చుని గట్టు క్లబ్బు అధ్యక్షుడికి మెషిన్ తిప్పి పంపడమంటే మాటలా? టైలరు ఆ రోజంతా వచ్చిన ప్రతివాడికీ కొలతలతో పాటు ఈ కబురు కూడా కొలిచి చెప్పాడు. కూరగాయలమ్మే మనిషి, "ఏం అత్తా, రేవులో పడతావా?" అని అడిగింది. "పడను, నా కాళ్ళ మీద నిలబడతాను" అంది ఆవిడ.

శనివారం రెండున్నరకు బావగారు వచ్చాడు. ఆపరేషన్ అయ్యాక కాస్త చిక్కాడు. మెడలో విజిల్ ఉంది, జేబులో గట్టు క్లబ్బు ఫారం ఉంది. డాక్టరే పంపాడని ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కౌంటరుకు బయటి వైపు స్టూలు మీద కూర్చున్నాడు. మైదానంలో అంత గొంతు ఉన్న మనిషికి లాండ్రీలో మాట పెగల్లేదు.

మూడు కొట్టింది. ఎవరూ రాలేదు. మూడుంపావు అయింది. ఆవిడ ఒక దుప్పటి పిండుతూ కూర్చుంది, ఎంత పిండిందంటే ఇంక దాంట్లో చుక్క నీరు మిగల్లేదు. రారన్నమాట. సరే, రాకపోతే రాకపోనీ! చెయ్యి మాత్రం దుప్పటిని వదలడం లేదు.

అప్పుడు బజారు కింది చివర నుంచి గోల వినబడింది. ముందు కేకలు, ఈలలు, తర్వాత బూట్ల మేకుల టకటక. ఆవిడ గుమ్మంలోకి వచ్చి చూసింది. రేవు జట్టు. పదకొండు మంది, ప్రాక్టీసు నుంచి సరాసరి, ఒంటి మీద చొక్కాలతోనే నడిచి వస్తున్నారు. మొహాల మీద బురద. మోకాళ్ళ దాకా నల్ల ఇసుక. పసుపు రంగు ఎక్కడుందో వెతుక్కోవాలి. గట్టు బజారులో రేవు జట్టు నడవడం అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. రెండువైపులా దుకాణాల వాళ్ళు బయటికొచ్చి ఎగతాళి చేస్తున్నారు. వాళ్ళు తలవంచుకోకుండా నడుస్తున్నారు. అందరికంటే వెనక కార్యదర్శి, తెల్ల చొక్కా మీద ఎవడో విదిలించిన బురద చుక్కలతో.

"మీ చీటీ అందింది మేడమ్" అన్నాడు కార్యదర్శి ఆయాసపడుతూ. "ఉతకలేదు."

"విప్పండి" అంది ఆవిడ.

ఒక్కొక్కడే తల మీంచి లాగి చొక్కాను కౌంటరు మీద వేశాడు. లాండ్రీ నిండా చెమట వాసన, ఇసుక, తడి. ఆవిడకు అయిదు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి ఆడింది. ఒక చొక్కా తీసుకుని తిరగేసుకుంది. చేతుల మీద పరచుకుని వెలుగు వైపు తిప్పింది.

"ఏడో నంబరు ఎవడు? నువ్వా? పరుగు బాగుంది నాయనా. కాని గీత దగ్గరే పరుగెత్తుతున్నావు. ఈ సున్నం చూడు, ఒక్కసారైనా లోపలికి రావా? లోపల ఏమైనా కుక్క ఉందా?" జట్టు నవ్వింది. "ఇది... పదో నంబరు. నిన్ను ఎవరూ పట్టుకోరేం? కుట్లు కొత్తగా ఉన్నాయి. నీ దగ్గరకు బంతి రావడం లేదా, నువ్వే బంతికి దూరంగా ఉంటున్నావా?" పదో నంబరు వాడు నేల చూశాడు. ఎవరూ నవ్వలేదు.

తర్వాత అయిదో నంబరు. అది కెప్టెన్‌ది. రేవులో లంగరు తాళ్ళు లాగే మనిషి, అందరూ గోడ అంటారు. తొమ్మిదేళ్ళుగా వెనక వరసలో అతణ్ణి దాటినవాళ్ళు తక్కువ. ఆవిడ ఆ చొక్కాను చాలాసేపు చూసింది. కుడి భుజం, కుడి పక్క, కుడి మోచెయ్యి, పొరలు పొరలుగా బురద. ఎడమ పక్క ఉతికినట్టు ఉంది. ఆవిడ తలెత్తింది.

"ఎడమ మోకాలు ఎన్నాళ్ళ నుంచి?"

గోడ ఎడమ కాలు కాస్త వెనక్కి పెట్టుకున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి నాయనా? ప్రతిసారీ కుడివైపే పడుతున్నావు. ఎడమ కాలు నేలకు తగలనివ్వడం లేదు."

"కిందటి ఏడాది నుంచి" అన్నాడు గోడ చివరికి. "మా ఆవిడకి కూడా తెలీదు అత్తా."

"వచ్చే ఆదివారం నువ్వు ఆడటం లేదు. ఎముకల డాక్టరుకి చూపించుకుంటావు. నయమయ్యాక చూద్దాం."

కార్యదర్శి చేతులు నలుపుకోవడం మొదలుపెట్టాడు. "మేడమ్, మొదటి మ్యాచి గట్టు వాళ్ళతో. కెప్టెన్ లేకుండా... కమిటీ ఒప్పుకోదు. ఇంకేదైనా అడగండి."

ఆవిడ చొక్కాను కౌంటరు మీద పెట్టేసింది. "చీటీలో ఏం రాశాను? జట్టు నేనే వేస్తానన్నాను. గోడైనా సరే, గుమ్మమైనా సరే. కుదరదంటే చొక్కాలు తీసుకెళ్ళండి. పదకొండూ ఉచితంగా ఉతికి ఇస్తాను, దారి ఖర్చు కింద."

అయిదు గంటలకు ఫారం అందాలి. గడియారం నాలుగు దగ్గర ఉంది. ఆవిడ దాని వైపు చూడలేదు. కార్యదర్శి గోడ వైపు చూశాడు. జట్టంతా గోడ వైపు చూసింది. గోడ తన చొక్కా వైపు చూస్తున్నాడు, ఎవరో తన ఉత్తరం పైకి చదివినంత ఇబ్బందిగా.

"సంతకం పెట్టండి సార్" అన్నాడు. "తొమ్మిదేళ్ళ నుంచి ఆడుతున్నాను. నీకేం నొప్పి అని అడిగిన కోచ్ ఈవిడొక్కతే."

కార్యదర్శి జేబులోంచి ఫారం తీసి కౌంటరు మీద పరిచాడు. తడి తగలకుండా కింద తన జేబురుమాలు వేశాడు. ఆవిడ చేతులు తుడుచుకుని, కోచ్ అన్న గడిలో తన పేరు పెద్ద అక్షరాలతో రాసింది. వృత్తి అన్న గడి దగ్గర కార్యదర్శి, "ఇది ఖాళీగా వదిలేసినా..." అని మొదలుపెట్టి, ఆవిడ చూసిన చూపుకు తనే ఆగిపోయాడు. ఆవిడ లాండ్రీ అని రాసి కింద గీత కూడా గీసింది.

జట్టు ఒంటి మీద చొక్కాల్లేకుండానే బజారులోకి దిగింది. కార్యదర్శి ఫారాన్ని రెండు చేతులతో పట్టుకుని లీగు ఆఫీసు వైపు పరుగు తీశాడు. చొక్కాలు కౌంటరు మీద కుప్పగా ఉండిపోయాయి. మొగుడు ఇస్త్రీ బల్ల మీద పసుపు చొక్కాలకు చోటు చేశాడు. ఆయన వరకు అది ప్రాణాలర్పించడమే.

అప్పుడు బావగారు స్టూలు మీంచి లేచాడు. జేబులోంచి గట్టు ఫారం తీశాడు, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"నేను నీకు అన్యాయం చేశానమ్మా. ప్రతి ఏడాదీ చెబుదామనుకునేవాణ్ణి. ఫొటో తీసే టైముకి నోరు పెగిలేది కాదు." జేబు తడుముకున్నాడు. "ఇప్పుడు నువ్వు లేకుండా నేను ఈ ఫారం మీద నా పేరు రాయలేను. అది లేకపోతే నేనేమవుతాను? పేరు పోయాక మనిషి ఏం చేస్తాడు?"

ఆవిడకు జాలి వేసింది. కోపం కూడా పోలేదు. రెండూ ఉన్నాయి, రెండింటినీ దాచుకోలేదు.

"ఇరవై ఏళ్ళు పేరు లేకుండా పని చేశాను బావగారూ. ఎలా చేస్తారో నాకు బాగా తెలుసు. నేర్పుతాను, ఇటు రండి."

కౌంటరు చెక్క పైకెత్తి పట్టుకుంది. ఆయన తటపటాయించి, వంగి, లోపలికి వచ్చాడు. తమ్ముడి కొట్టులో ఇన్నేళ్ళుగా కూర్చున్నా ఆయన కౌంటరు ఇవతలికి రావడం అదే మొదలు. ఆవిడ కుప్పలోంచి ఇంకా చూడని చొక్కా ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"చూసి చెప్పండి. వీడు ఎటువైపు పడుతున్నాడు?"

బావగారు చొక్కాను రెండు చేతులతో ఎత్తి, ఆవిడ చేసినట్టే వెలుగు వైపు తిప్పాడు. కళ్ళు చిట్లించాడు. చొక్కా తడి ఆయన మణికట్ల మీంచి కారి విజిల్ తాడు తడిపింది. సర్టిఫికెట్ ఉన్న మనిషి, ఇరవై ఏళ్ళ కోచ్, బాగా ఆలోచించి చెప్పాడు.

"ఎడమవైపు."

"తల మీంచి లాగిన చొక్కా లోపలిది పైకి తిరగబడి వస్తుంది బావగారూ" అంది ఆవిడ. "ముందు దాన్ని సరిచేసుకోవాలి. ఆ తర్వాతే చూడాలి."